వగరు విరగని రెండు వందల సీసాలు

మార్చి 17, సోమవారం

ఈ రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ఇది ఎవరికీ చూపించను. అయినా ముందు ముందు ఎవరైనా చదివితే మొదటి నుంచి అర్థం కావాలి కదా, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

నేను బాలకృష్ణ. దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న మా ఊళ్లో జీడిపప్పు షెడ్డుకు మేనేజర్ని. ఊళ్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే. ఫిబ్రవరిలో మూడు రోజుల ట్రైనింగుకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుంది కూడా నేనొక్కడినే. షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. వాళ్లకు పెద్ద జంపక్క. ఆమెకు గింజ కొట్టడం వచ్చు. మేనేజ్‌మెంట్ రాదు.

నిరుడు ఒక పొరపాటు జరిగింది. ఒక బస్తా గింజ రావాలంటే ఎనిమిది బస్తాల పండు వస్తుంది. గింజ తీసుకుని పండంతా వాగులో పారబోశాం. నీళ్లు కుళ్లి కింది ఊరివాళ్లు, మాకు షెడ్డు ఇచ్చిన భద్రాచలం ఆఫీసుకు వెళ్లి చెప్పారు. ఆఫీసు నుంచి దీపిక మేడం కాగితం పంపింది. ఏప్రిల్ 16న వస్తానంది. ఈసారి ఒక్క పండు పారబోసినట్టు కనిపించినా షెడ్డు తాళం తీసుకుపోతానంది. తాళం పోతే పన్నెండు మందీ మళ్లీ మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోవాలి. మా ఆవిడ భవాని కూడా ఆ పన్నెండు మందిలో ఉంది.

నాకు భయమేమీ లేదు. నా దగ్గర ప్లాన్ ఉంది.

మార్చి 18

షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను: ఏదీ పారేయం. పెంకులు పొయ్యిలోకి. పండు పిండగా మిగిలిన పిప్పి మేకలకు. రసం కాచి, చక్కెర కలిపి సీసాల్లోకి. జీడిమామిడి పండు వగరని అందరికీ తెలుసు. కానీ వేడి చేస్తే వగరు పోతుంది. ఇది సైన్సు.

జంపక్క వచ్చి "గంజి పొయ్యకుంటె వగరు ఇరగదు తమ్మీ" అంది.

మోడరన్ యూనిట్టులో గంజి ఏమిటి? నవ్వి ఊరుకున్నాను. నాకు కోపం రాదు. అది నా గుణం.

మార్చి 22

ముప్పై సీసాలు అయ్యాయి. చూడడానికి రంగు బ్రహ్మాండంగా ఉంది.

సీసాలు కొనలేదు. రోడ్డు మీది దాబాల వెనక పడేసిన బీరు సీసాలు ఏరించి, బట్టల సోడాతో కడిగించి, ఉడకబెట్టించాను. పక్కవాళ్లు పారేసింది కూడా పారేయనివ్వను. మీద 'జీడి అమృతం' అని లేబుల్ అంటించాం.

రుచి మాత్రం చూడలేదు. పండుగ కాలేదు కదా. మా ఊళ్లో పండుగ చేసి కొండ దేవతకు పెట్టకుండా కొత్త పండు ఎవరూ నోట్లో వేసుకోరు. మామిడి సంగతి సరే, జీడిమామిడి మా తాతల కాలంలో అటవీ శాఖ వాళ్లు తెచ్చి నాటిన చెట్టు. అప్పుడు పెద్దలంతా ఒక పూటంతా కూర్చుని, ఇది కూడా మన నేలలోనే కాసింది కాబట్టి ఇది కూడా పండుగ దాకా ఆగాల్సిందే అని తీర్మానం చేశారట. నేను పాతకాలం మనిషిని కాను. కానీ ఇది వేరు. మా అమ్మ కరువు ఏడాదిలో కూడా ఆగింది. ఆమె ఆగిన చోట నేను ఎగబడి తినలేను.

పండుగ ఏప్రిల్ 10న పెడతామని పగిడయ్య తాత చెప్పాడు. ఊరికి పెద్ద ఆయనే, దేవతకు మొక్కేది ఆయనే. మేడం వచ్చే లోపు ఆరు రోజులు చేతిలో ఉంటాయి. రుచి చూసుకుని ఏదన్నా తక్కువైతే సరిచేసుకోవచ్చు.

మార్చి 29, శనివారం

షెడ్డులో ఉన్న ఒక్క బల్లకూ చెద పట్టింది. గింజలు కాల్చేటప్పుడు పెంకుల్లోంచి నల్లగా నూనె కారుతుంది. దాన్ని చెక్కకు పూస్తే చెద దగ్గరికి రాదని ట్రైనింగులో చెప్పారు. ఒక డబ్బాడు పట్టి బల్లంతా పూశాను. చూశారా, అది కూడా పారేయలేదు.

జంపక్క పరుగెత్తుకొచ్చింది. "అది చేతికి తాకితెనే పొక్కులు లేస్తయ్. మూడు వారాలు ఎండల పెట్టు. అప్పటిదాక ఎవల్ని కూసోనియ్యకు" అంది.

సాయంత్రానికే ఆరిపోయిందని నిరూపించడానికి అందరి ముందూ నేనే కూర్చున్నాను. పది నిమిషాలు కూర్చున్నాను. ఆడవాళ్లు కోయ భాషలో ఏదో అనుకుని పడీపడీ నవ్వారు. ఆ మాట తెలుగులో రాస్తే అంత బాగుండదు.

మార్చి 30

ఎండలు ముదిరాయి. నాకు వేడి చేసింది. నిలబడి రాస్తున్నాను.

మార్చి 31

వేడి తగ్గలేదు. సబ్జా నీళ్లు తాగాను, మజ్జిగ తాగాను, కొబ్బరినూనె రాశాను. భవాని "ఆ బల్ల మీద కూసున్నవు కద, గందుకే" అంటోంది. దానికీ దీనికీ సంబంధం లేదు. వేడి ఎక్కడ చేయాలో అక్కడే చేస్తుంది.

నిలబడి రాయడం వల్ల అక్షరాలు చక్కగా వస్తున్నాయి.

ఏప్రిల్ 2

నూటపది సీసాలు. రుచి చూసే సమస్యకు దారి దొరికింది. గింజల బస్తాలు తోలే ఆటో డ్రైవర్ రవికుమార్‌ది పక్క తండా. వాళ్లకు మా పండుగ పట్టింపు లేదు. అర గ్లాసు పోసి ఇచ్చాను. రెండు గుక్కల్లో తాగేశాడు.

"ఎట్లుంది?"

"సూపరన్నా."

"వగరు?"

"ఏం లేదన్నా. మస్తుంది."

కళ్లలో కొంచెం నీళ్లు తిరిగాయి. సంతోషం పట్టలేకపోయాడు పాపం. పాన్ మసాలా పొట్లం చింపి నోట్లో పోసుకుని వెళ్లిపోయాడు.

జంపక్క మళ్లీ గంజి సంగతి ఎత్తింది. సర్టిఫికెట్ చూపించాను. "గిండ్ల గంజి పొయ్యొద్దని రాసిందా?" అంది. అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పకూడదు.

ఏప్రిల్ 6

రెండు వందల సీసాలు! వరుసగా పేర్చి ఫోటో తీశాను. దూరం నుంచి చూస్తే బ్రాందీ షాపులా ఉందని భవాని అంది. దూరం నుంచి ఎందుకు చూడాలి?

ఏప్రిల్ 9

పండుగ రేపు కాదు.

ముసలయ్య కుటుంబం ఇంకా మిర్చి నుంచి రాలేదు. ఊళ్లో అన్ని గడపలవాళ్లూ తిరిగి వచ్చేదాకా పండుగ పెట్టరు. ముసలయ్యకు ఫోన్ చేశాను. జల్దీ రమ్మన్నాను. ఇంకా రెండెకరాలు మిగిలింది, ఒప్పుకున్న పని విడిచి ఎట్ల వస్తం అన్నాడు. ఇరవైకి గానీ కుదరదట. మేడం వచ్చేది పదహారు.

తాత దగ్గరికి వెళ్లాను. ఆఫీసు పని మీద కాబట్టి ఒక్క చెంచాడు ముందుగా నాకు పర్మిషన్ ఇవ్వమన్నాను.

తాత నులక మంచం మీద పక్కకు జరిగాడు. "నాలికె నీది, బిడ్డా. పండుగ అందరిది. ముసలయ్య అక్కడ ఎండల మిరపకాయలు ఏరుకుంట ఉంటె, నువ్విక్కడ ముందుగాల తాగుతవా?"

సిగ్గేసింది. వచ్చేశాను. కూర్చోమన్నాడు కానీ కూర్చోలేదు. అందుకు కారణం వేరే.

ఏప్రిల్ 14

ఒక సీసా ఇంటికి తెచ్చాను. మూత తీశాను. వాసన చూశాను. మూత పెట్టాను. మళ్లీ తీశాను. వాసన చూడడం తినడం కాదు. మళ్లీ పెట్టాను.

భవాని చూసి "తాగితె తాగు, లేకుంటె పండు. గట్ల మూతతోని ఆడకు" అంది.

తాగలేదు. రాసి పెట్టుకుంటున్నాను: తాగలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

మేడం వచ్చింది.

మొదట అంతా బాగా జరిగింది. పొయ్యిలో మండుతున్న పెంకులు చూసింది, తలూపింది. పిప్పి తింటున్న మేకల్ని చూసింది, ఫోటో తీసింది. వాగు ఒడ్డు దాకా నడిచి వెళ్లి నీళ్లు చూసింది. శుభ్రంగా ఉన్నాయి. "చాలా బాగుంది బాలకృష్ణగారూ" అంది. గారు అంది. జంపక్క విన్నదా అని వెనక్కి చూశాను. విన్నది.

అప్పుడు మేడం అలసిపోయి బల్ల మీద కూర్చోబోయింది.

"కూసోకుర్రి మేడం!" అని పన్నెండు గొంతులూ ఒక్కసారే అరిచాయి. మేడం ఎగిరి రెండడుగులు అవతల పడింది. మేకలు తాళ్లు తెంపుకున్నాయి. జంపక్క మెల్లిగా సంగతి చెప్పింది. మేడం బల్లనూ, మొదటి నుంచీ నిలబడే ఉన్న నన్నూ మార్చి మార్చి చూసింది. ఏమీ అడగలేదు. మర్యాద తెలిసిన మనిషి.

తర్వాత సీసాల దగ్గరికి తీసుకెళ్లాను. బీరు సీసాలు చూసి కాస్త తడబడింది కానీ, ఎక్కడివో చెప్పగానే మెచ్చుకుంది. స్టీలు గ్లాసులో నిండా పోసి ఇచ్చాను.

"మీరు తాగి చూశారా?" అంది.

"పండుగ కాలే మేడం. మేం తాగం. రవికుమార్ తాగిండు."

"ఆయన ఎవరు? టెక్నికల్‌గా?"

"ఆటో, మేడం."

మేడం తాగింది. ఎండన పడి వచ్చింది కదా, గ్లాసు సగం వరకు ఒక్క గుక్కలో తాగేసింది.

ముందు కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత మెడ పట్టుకుంది. నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్లీ తెరిచింది. కప్ప బెకబెకలాడినట్టు చిన్న శబ్దం వచ్చింది. చేత్తో గాలిలో రాసి చూపించింది. భవాని పరుగెత్తి కాగితం, పెన్ను ఇచ్చింది. మేడం 'నీళ్లు' అని రాసింది.

మూడు చెంబులు తాగినా మాట రాలేదు. మిగతా తనిఖీ అంతా కాగితం మీదే జరిగింది. ఆ కాగితం ఇక్కడ అంటిస్తున్నాను. అందులో ఇలా ఉంది:

'ఇది తాగేది కాదు. అంటే రెండు వందల సీసాలూ వ్యర్థమే. 28న మళ్లీ వస్తాను. నేల మీద గానీ వాగులో గానీ ఒక్క చుక్క పోసినా తాళం ఇచ్చేయాలి. సీసాల్లో అట్లాగే ఉంచినా ఇచ్చేయాలి. గొంతు నొప్పి.'

చివరి మాట ఆర్డరులో భాగం కాదనుకుంటాను.

ఏప్రిల్ 17

మేడంది సున్నితమైన గొంతు. భద్రాచలంలో ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు అట్లాగే ఉంటుంది. రసంలో తప్పు లేదు. పండుగ నాడు ఊరంతా తాగాక నిజం తేలిపోతుంది.

ఏప్రిల్ 18

రవికుమార్‌ను పట్టుకుని అడిగాను. "నిజం చెప్పు. ఎట్లుండె?"

"నాకేం తెల్వదన్నా. పదేండ్లసంది మసాలా నములుతున్న. మిరపకాయ తిన్నా, మైసూరుపాక్ తిన్నా నాకొక్కతీరుగనే ఉంటది."

"మరి సూపర్ అన్నవు గదరా!"

"నువ్వు గంత ఆశగ చూస్తుంటె ఏమనాల్నన్నా?"

ఏప్రిల్ 20, ఆదివారం

పండుగ. ముసలయ్య నిన్న సాయంత్రం వచ్చాడు, వేళ్లన్నీ మంటలని చల్లటి మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తాత తెల్లారగానే దేవతకు మొక్కి మామిడికాయలు, జీడిమామిడి పళ్లు పెట్టాడు. అందరం మొక్కాం. అప్పుడు నేను ముందుకు వచ్చి, ఊరందరికీ నా తరఫున జీడి అమృతం అని ప్రకటించాను. గ్లాసులు పంచాను. తలా ఒక గ్లాసు. అందరం ఒక్కసారే తాగాం.

మేడం గొంతు సున్నితమైనది కాదు.

ఏం చెప్పను. నాలుక చెక్కలా అయిపోయింది. గొంతులో ఎవరో గోనెసంచి దూర్చి లాగినట్టు ఉంది. చుట్టూ చూస్తే ఊరంతా మెడలు పట్టుకుని నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే, పాడుతూ ఆడే మా రేల ఆట మొదలు కావాలి. డోలు మోగింది. ఆడవాళ్లు చేతులు పట్టుకుని వరుస కట్టారు, అడుగులు వేశారు, నోళ్లు తెరిచారు. పాట రాలేదు. గాలి వచ్చింది. కిర్రు కిర్రుమని నలభై మంది నోళ్లు కదుపుతూ ఆడుతున్నారు. టీవీలో సౌండు తీసేసినట్టుంది. ముసలయ్య ఏడ్చాడు. ఏడుపూ వినపడలేదు.

తాత నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. చివరికి నా భుజం మీద చెయ్యి వేసి ఊపుతూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకూ శబ్దం లేదు. తాతను చూసి ఊరంతా అట్లాగే నవ్వింది. పక్క తండా నుంచి వచ్చినవాళ్లు జడుసుకున్నారు.

ఒక్క జంపక్క గ్లాసు మాత్రం నిండుగా ఉంది. ఆమె తాగనే లేదు. పెదవి కూడా తడపలేదు.

ఏప్రిల్ 21

పొద్దున్నే ట్రైనింగు నోట్‌బుక్ తీశాను. మూడో రోజు మధ్యాహ్నం క్లాసు పండ్ల రసం మీదే. ఆ పూట నాకు బాగా గుర్తుంది. ఫ్యాన్ చల్లగా తిరుగుతోంది. పేజీలో నా రాత ఇలా ఉంది: 'రసంలో వగరు పోవాలంటే కాచే ముందు పలుచని గం'. అక్కడి నుంచి పెన్ను గీత వంకరగా పేజీ చివరి దాకా జారిపోయింది.

నేను నిద్రపోయాను. ఈ మాట మొదటిసారి రాస్తున్నాను. బల్ల వల్లే పొక్కులు లేచాయి. ఇది కూడా.

షెడ్డుకు వెళ్లాను. జంపక్క గింజలు కొడుతోంది. నా గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. అయినా అడిగాను.

"అక్కా, గంజి ఎంత పొయ్యాలె?"

ఆమె చేతిలో సుత్తె ఆగింది. నెల రోజుల నుంచి చెప్పిన మనిషి కదా, ఎన్ని మాటలైనా అనొచ్చు. "బకెట్‌కు రెండు చెంబులు" అంది. అంతే. మళ్లీ గింజ కొట్టింది. తిట్టి ఉంటే నయం. బయటికి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఏప్రిల్ 23

పొద్దున అన్నం వార్చగానే ప్రతి ఇంటి నుంచీ గంజి వస్తోంది. ఏ ఇల్లూ తప్పలేదు. ముసలయ్య భార్య రెండిళ్ల గంజి మోసుకొచ్చింది. మూతలు తీసి రసం అంతా డ్రమ్ముల్లో పోశాం. చల్లారిన గంజి పోసి కలిపి వదిలేశాం. గంటన్నరలో తెల్లటి మడ్డి అంతా అడుగుకు దిగింది. పైన రసం వాగు నీళ్లంత తేటగా నిలబడింది.

"మా అవ్వ గిట్లనే చేసేది. వగరంత గంజి పట్టుకొని కిందికి పోతది" అంది జంపక్క.

గుడ్డలో వడపోసి మళ్లీ కాస్తున్నాం. నా డ్యూటీ గుడ్డ పిండడం. బాగా పిండుతానని షెడ్డులో పనిచేసే కళావతి అంది. కళావతి ఎవరినీ ఊరికే మెచ్చుకోదు.

అడుగున మిగిలిన మడ్డి మేకలకు పెట్టాం.

ఏప్రిల్ 27

రెండు వందలకు నూటయాభై. పండుగ నాడు పోసినవీ, మడ్డిలో పోయినవీ కలిపి నలభై నాలుగు. ఆరు సీసాలు రుచి చూడడంలోనే అయిపోయాయి. ఇప్పుడు పండుగ అయిపోయింది, అందరూ చూడొచ్చు. అందరూ రెండేసిసార్లు చూశారు. నేను మాత్రం చూడలేదు. మేడం కన్నా ముందు తాగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

మేడం గొంతు నయమైంది. కానీ గ్లాసు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. చిటికెన వేలు ముంచి నాలుక చివర అద్దుకుంది. ఆగింది. ఊరంతా ఆగింది. ఇంకో చుక్క అద్దుకుంది. తర్వాత గ్లాసు తీసుకుంది. గ్లాసు ఖాళీ చేసి మాట వస్తుందో లేదో పరీక్షగా "హలో" అంది. మాట వచ్చింది.

"ఇది ఎవరి పద్ధతి?" అంది.

నిజం రాయాలి. ఇది ఎవరికీ చూపించని డైరీ కాబట్టి రాస్తాను. నా నోటి చివర 'నాదే మేడం' అన్న మాట వచ్చి నిలబడింది. సర్టిఫికెట్ జేబులోనే ఉంది. జంపక్క అవతల గుడ్డ ఆరేస్తోంది, ఇటు చూడను కూడా చూడలేదు. నేను ఏమన్నా ఆమె కాదనదు. అదే నన్ను ఆపింది.

"జంపక్కది మేడం. మొదటి దినం కెల్లి చెప్తనే ఉంది. నేనే వినలే."

నా గొంతు పండుగ నాడు కూడా అంత పట్టేయలేదు.

మేడం తాళం మా దగ్గరే ఉంచి, షెడ్డు ఇంకో మూడేళ్లు నడుపుకోమని కాగితం రాసింది. మేనేజర్ అన్న చోట జంపక్క పేరు రాయమని నేనే చెప్పాను. మేడం అప్పటికే రాసేసింది, అది వేరే సంగతి. నాకు లెటర్లు, లేబుళ్లు, గుడ్డ పిండడం.

ఏప్రిల్ 30

జంపక్క మేనేజర్‌గా ఇచ్చిన మొదటి ఆర్డరు: గోడ మీద రాసిన దాని కింద ఇంకో లైను రాయాలి. 'చెప్తె వినాలె' అని. నేనే రాశాను. అక్షరాలు చక్కగా వచ్చాయి.

మధ్యాహ్నం ఆమె ఒక గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వింక తాగనే లేదు గద తమ్మీ" అంది. అది ఆమె ఒక్కతే గమనించింది. తాగాను. తియ్యగా, చల్లగా ఉంది. గొంతులో ఎక్కడా పట్టలేదు. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి. రవికుమార్ పక్కనే ఉన్నాడు. "సూపర్ గదన్నా?" అన్నాడు. అవ్ అన్నాను.

బల్ల పూసి నెల దాటింది. బాగా ఎండింది, చెద మళ్లీ రాలేదు. నిన్నటి నుంచి జంపక్క దాని మీదే కూర్చుంటోంది. ఈ పేజీ నేను కూడా ఆ బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. కింద తువ్వాల నాలుగు మడతలు వేసుకున్నాను.